జనగామ లారీ ఎక్కేదాకా

మా వరికోత చైన్ మిషన్ హారన్ కొడితే మూడు ఊళ్ల అవతల వడ్లు వాటంతట అవే రాలి కుప్ప పడతాయని జనగామలో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే. అయినా అబద్ధమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

మిషన్ మా బావ సత్యానిది. నడిపేది నేను, శ్యాం, లింగాల ఘనపూర్ వాడిని. పదో తరగతి నన్ను మూడుసార్లు పిలిచి మూడుసార్లూ వెనక్కి పంపింది. నాలుగోసారి నేనే పోలేదు.

వరికోతలు మొదలైతే ముందు జనగామ పొలాలు. తర్వాత మహబూబాబాద్ వైపు, గార్ల దాకా. అక్కడి నుంచి భూపాలపల్లి, ఆఖరికి మహదేవపూర్ దగ్గర గోదావరి ఒడ్డు. అక్కడ అయిపోయాక మిషన్‌ని లారీ ఎక్కించి తిరిగి జనగామ. వానాకాలం పంటకు ఒకసారి, యాసంగికి ఒకసారి, ఏడాదికి రెండుసార్లు ఇదే తిరుగుడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రైతు ఐదొందలు బయానా ఇస్తాడు. నేను పేరు, తారీఖు వేసి చిట్టి రాసిస్తాను. ఆ రోజు రైతు రమ్మంటే పోవాల్సిందే. వరి ఇంకా పచ్చిగా ఉందనో, ఇంకేదో అయిందనో రైతు వద్దనుకుంటే ఐదొందలు నాకు వదిలేస్తాడు, మాటా మాటా ఉండదు. పని అయ్యాక ఆ చిట్టిని వెనక్కి తీసుకుని, మిషన్ మీద నా సీటు పక్కన ఉన్న ఇనుప చువ్వకు గుచ్చుతాను. బయానా తీసుకున్న నేనే రానంటే మాత్రం రెట్టింపు కట్టాలి. కట్టేస్తే ఇక బాకీ లేదని నా లెక్క.

ఆ లెక్క ఎంత తప్పో చెప్పడానికే ఇదంతా.

* * *

నవంబరు మొదట్లో మహదేవపూర్ దగ్గర ఉన్నాం. తుఫాను వస్తోందని ఫోన్లన్నీ ఒకటే మోత. ఆకాశం గొర్రె బొచ్చు కంబళి కప్పుకుని కూర్చుంది. ఆ రోజు పొద్దున పోశాలు అనే రైతు రెండెకరాలు కోయాలి, చిట్టి రాసిచ్చాను. ఇంతలో ఎరువుల దుకాణం హర్షవర్ధన్ సేటు ఫోన్ చేశాడు. పన్నెండెకరాలు, గంటకు మామూలు రేటు మీద ఐదొందలు ఎక్కువ. నేను మిషన్‌ని అటు తిప్పాను.

బండ్ల బాట మధ్యలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో మూసిన గొడుగు. దాన్ని కర్రలా నా మిషన్ వైపు చాపింది.

"ఓ అన్నా! మిషన్ ఆపు!"

"ఆపితే మళ్ల స్టార్ట్ కాదు చెల్లె, పక్కకు జరుగు!"

తొందరలో చెల్లె అనేశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు తర్వాత రెండు నెలలు పట్టింది.

రెండో చేత్తో ఒక చిట్టి ఎత్తి చూపింది. "గీ చిట్టి ఎవలు రాసిండ్రు?"

"నేనే."

"తారీఖు?"

"ఇయ్యాల్నే. గని మబ్బు చూస్తున్నవ్ గద. సేటుది పన్నెండెకరాలు, మీది రెండెకరాలు. రేపు పొద్దుగాల్నే మీది కోస్త."

"రేపు వాన పడ్డంక మా చేన్ల నీ మిషన్ తోని చేపలు పడ్తవా?"

"గంత కోపమెందుకు? నీకు ఆప్షన్ ఉన్నది గద. ఇష్టం లేకుంటే ఇంకో మిషన్ చూస్కో."

ఆ మాటకు ఆమె కళ్లు చిన్నవయ్యాయి.

"ఆప్షన్ అంటే ఏందో ఎరుకేనా నీకు?"

"ఎందుకెరుక లేదు? పరీక్షల ఎ, బి, సి, డి అని ఇస్తరు. ఏదో ఒకటి పెట్టుడు. నేను మూడేండ్లు పెట్టిన."

ఆమెకు నవ్వు రాబోయింది. మింగేసింది.

"నేను భూపాలపల్లిల షేర్ల ఆఫీసుల పని చేస్త. మా దగ్గర ఆప్షన్ అంటే అది కాదు. ముందుగాల జరంత పైసలిచ్చి, ఫలానా తారీఖు దాకా, ఫలానా ధరకు కొనే హక్కు కొనుక్కునుడు. హక్కు ఎవనిది? పైసలిచ్చినోనిది. కావాల్నంటే తీస్కుంటడు, వద్దంటే ఇడిసిపెడ్తడు, గా జరంత పైసలు పోతయ్, గంతే. పైసలు తీస్కున్నోడు మాత్రం నాకిష్టం లేదు అనరాదు. ఐదొందలు మా బాపు ఇచ్చిండు. జేబుల పెట్టుకున్నది నువ్వు. ఇప్పుడు చెప్పు, ఆప్షన్ ఎవలది?"

వెనక ఇంజన్ గుడగుడమంటోంది. నా నోరు మాత్రం ఆగిపోయింది. లింగాల ఘనపూర్‌లో ఎవరైనా చూసి ఉంటే పండగ చేసుకునేవాళ్లు.

"మీదే," అన్నాను.

"మరి తిప్పు మిషన్."

తిప్పాను. గంటన్నరలో రెండెకరాలు కోసి వడ్లు కల్లంలో పోశాను. ఆఖరి పరదా కప్పుతుండగా పడింది వాన. ఆ వానను చూసి గోదావరే భయపడి గట్టెక్కి నిలబడింది. పరదా ఒక మూల చినిగి ఉంది. ఆ అమ్మాయి గొడుగు తెరిచి ఆ చినుగు మీద పట్టింది. గొడుగు వడ్ల మీద, తడిసేది ఆమె. అట్లా గంటసేపు నిలబడింది. నేను చూస్తూ ఉండిపోయాను.

"నీ పేరేంది?"

"చిట్టి మీద రాసుకున్నవ్ గద."

"అండ్ల పోశాలు అని ఉన్నది."

"అది మా బాపు. నేను రేణుక." చిట్టి నా చేతిలో పెట్టింది. "తీస్కో, నీ పని అయింది."

చిట్టి చువ్వకు గుచ్చాను. కానీ పని అయిందని అనిపించలేదు.

సేటు పన్నెండెకరాలు ఆ సాయంత్రానికి నీళ్లలో పడుకున్నాయి. ఆ దారిన పోయినప్పుడల్లా తల దించుకునే పోయాను.

* * *

అయిదు రోజులు కురిసింది. మిషన్ బురదలో, నేను పోశాలు కొట్టం చూరు కింద. రేణుక వాళ్లమ్మ లేదు, మూడేళ్లైంది. చాయ్ రేణుకే పెట్టేది. పోశాలు మాట్లాడే మనిషి కాదు. చాయ్ తాగి, మబ్బు చూసి, మళ్లీ చాయ్ తాగేవాడు. ఆయన వంతు కూడా నేనే మాట్లాడేవాణ్ణి.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. నేను ఆప్షన్ మేడమ్ అనేవాణ్ణి. ఆమె నన్ను ఆప్షన్ డి అనేది.

"ఇయ్యాల ఎన్ని కోతలు కోసినవ్ డి?"

"నోటితోనా, మిషన్ తోనా?"

"నోటితోని కోసినయి నాకు ఎరుకే. మిషన్‌వి చెప్పు."

జనవరిలో ఒక రోజు భూపాలపల్లి రమ్మంది. పోయాను. బస్టాండు నిండా పొగమంచు, దాని మీద బొగ్గు దుమ్ము. పదకొండైనా పొద్దు పొడవలేదు. చాయ్ బండి దగ్గర ఇద్దరం నిలబడ్డాం. ఆమె చాయ్ తాగలేదు, గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది.

"మా బాపు సంబంధం చూస్తుండు."

"ఏం పని?"

"బొగ్గు బావిల నౌకరి. నెల నెల జీతం. క్వార్టర్ గూడ ఉన్నదంట."

వద్దు అనాలి. గొంతు దాకా వచ్చింది. అప్పుడు నా చెప్పులు కనిపించాయి, ఒకదానికి వైరు కట్టి ఉంది. నడిపేది బావ మిషన్. ఉండేది బావ ఇంటి వెనక రేకుల గది. నోరు ఇంకో మాట అనేసింది.

"మంచి ఆప్షనే గద."

ఆమె గ్లాసు బండి మీద పెట్టింది.

"మరి నువ్వు?"

"నేను గూడ ఒక ఆప్షన్ అనుకో. ఆఖరిది. డి."

"నేను పరీక్ష రాస్తలేను శ్యాం."

మంచులోంచి ఒక బస్సు వచ్చి, మనుషుల్ని దింపి, మళ్లీ మంచులోకే పోయింది. తర్వాత బ్యాగులోంచి ఐదొందల నోటు తీసింది.

"చిట్టి బుక్కు ఉన్నదా?"

"జేబుల్నే ఉంటది."

"రాయి. పేరు రేణుక. తారీఖు కాడ రాయి, యాసంగి కోతలైనంక మీ మిషన్ జనగామ లారీ ఎక్కేదాకా."

"ఏం కొయ్యాలె?"

"ఏం కొయ్యొద్దు. నేను రమ్మన్ననాడు వచ్చి, మా బాపు ముంగట నిలబడి, పిల్లనియ్యుమని అడగాలె. అప్పటిదాకా ఆయనను నేను ఆపుకుంట. బయానా ఇస్తున్నది నేను. వద్దనుకునే హక్కు గూడ నాదే. నీకు లేదు. మంచిగ ఆలోచించుకొని రాయి."

"ఒకవేళ నువ్వు రమ్మనకపోతే?"

"ఐదొందలు నీకు మిగుల్తయ్. చాయలు తాగు."

వేల చిట్టీలు రాసిన చెయ్యి అది. ఆ రోజు మూడు కాయితాలు ఖరాబు చేసి నాలుగోది రాసింది.

* * *

జనగామలో ఒకాయన తన పాత టైరు మిషన్ అమ్ముతానన్నాడు. నా దగ్గర అరవై వేలు ఉన్నాయి, ఆరు సీజన్ల కష్టం. బయానాకు సరిపోతాయి, మిషన్‌కు సరిపోవు. పోశాలు ముందు బావ డ్రైవర్ని అని కాకుండా మిషన్ ఓనర్ని అని నిలబడాలని నా ఆశ.

అప్పుడు రేణుక మాట గుర్తొచ్చింది. పైసలిచ్చినోనికి పోయేది గా జరంత పైసలే, ఇచ్చిన ఆ కొంచెమే. నాకు ఆ సగమే గుర్తొచ్చింది. ఉన్న అరవై వేలూ పెడితే అది జరంత కాదనే సగం గుర్తు రాలేదు. ఫోన్‌లో యాప్ ఎక్కించాను. షేర్ల ధరలు వచ్చే మంగళవారం లోపల ఒక చోటు దాటి పైకి పోతాయని ఆప్షన్ కొన్నాను. దాటితే అరవై వేలు మూడు లక్షలు. దాటకపోతే సున్నా. ఆమెకు చెప్పలేదు. మిషన్ తాళం చేతిలో పెట్టుకుని చెప్దామనుకున్నాను.

ధరలు పెరిగాయి. నిజంగానే పెరిగాయి. నేను అనుకున్నట్టే రోజూ కొంచెం కొంచెం పైకి పోతున్నాయి. కానీ నా ఆప్షన్ మాత్రం ఎండలో పెట్టిన ఐసుగడ్డలా కరుగుతోంది. గడువు దగ్గరపడేకొద్దీ దాని విలువ తరుగుతుందని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం అర్థం కాలేదు. అడుగుదామంటే నాకు తెలిసిన ఒకే ఒక్క మనిషి రేణుక.

మంగళవారం మూడున్నరకు గడువు అయిపోయింది. నేను చెప్పిన చోటు ఇంకా నలభై మెట్ల దూరంలో ఉంది. ఫోన్‌లో సున్నా కనిపించింది. గుండ్రంగా, కోడిగుడ్డంత.

బుధవారం పొద్దున పదింటికి ధర నేను చెప్పిన చోటు దాటింది.

నేను చెప్పింది జరిగింది. ఒక రోజు ఆలస్యంగా జరిగింది. లింగాల ఘనపూర్ రోడ్డు పక్కన మిషన్ గొలుసు మీద కూర్చుని ఆ ధర పైకి పోతుంటే మధ్యాహ్నం దాకా చూశాను. అన్నం తినమని బావ పిలిచాడు. ఆకలి లేదన్నాను.

రెండు రోజులు ఆమె ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? ఆమె చెప్పిన పాఠంతోనే మునిగిపోయానని చెప్పాలా? ఆఖరి ఆప్షన్ డి కూడా కాకుండా పోయాను. నాకోసం ఆమె వాళ్ల నాయినను ఎన్నాళ్లని ఆపుతుంది? నా చేతిలో చిట్టి కూడా లేదు చించేయడానికి. అప్పుడు మా పద్ధతి గుర్తొచ్చింది. ఆమెను వదిలిపెట్టాలంటే మర్యాదగా ఒక దారి ఉంది కదా.

ఫోన్‌లో వెయ్యి రూపాయలు పంపాను. కింద ‘రెట్టింపు’ అని రాశాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "ఎందుకు?"

ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు ఉంది. వేళ్లకు లేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆమె దగ్గర నుంచి ఏమీ రాలేదు.

* * *

ఏప్రిల్ ఆఖరుకు గార్ల చేరాం. ఎండ ఉండాల్సిన కాలంలో మబ్బులు తిరుగుతున్నాయి. కొమురమ్మ అనే అవ్వది ఎకరన్నర. ప్రతి సీజన్ ఆమె చేను నేనే కోస్తాను. కోత అయ్యాక గట్టు మీద కూర్చోబెట్టి సద్దన్నం పెట్టింది, పచ్చిపులుసుతో.

"ఏమైందిరా? కిందటిసారి నీ నోరు మిషన్ కంటే ఎక్కువ కోసె. ఈసారి మిషనొక్కటే కోస్తున్నది."

"ఏం లేదవ్వ."

"ఏం లేకుంటే గా ముద్ద ఎందుకు పిసుకుతున్నవ్? తిను, లేకుంటే చెప్పు."

చెప్పాను. చిట్టి సంగతి, సున్నా సంగతి, వెయ్యి సంగతి. చివర నా లెక్క కూడా చెప్పాను.

"రెట్టింపు కట్టిన అవ్వ. పద్ధతి ప్రకారమే చేసిన. ఇగ ఆమెకు నేను బాకీ లేను."

కొమురమ్మ చెయ్యి కడుక్కోవడం ఆపేసింది.

"ఆరేండ్ల కింద ఒక మిషనోడు నాకు గూడ పద్ధతి ప్రకారమే చేసిండు. మబ్బు పట్టంగనే పెద్ద చేనుకు ఉరికిండు. రెండు నోట్లు నా చేతుల పెట్టి, లెక్క సాఫ్ అవ్వా అన్నడు. గా నోట్లు పట్టుకొని గీ గట్టు మీదనే కూసున్న. నా కండ్ల ముంగట వరి పండుకున్నది. గా వెయ్యితోని నేనేం కొయ్యాల్నో చెప్పు."

నేను ముద్ద గిన్నెలోనే వదిలేశాను.

"మీ దిక్కు అది లెక్క సాఫ్. మా దిక్కు ఏందో ఎరుకేనా? నీ చేనుకు నేను రాను, సచ్చిపో అన్నట్టు. గా పిల్ల గట్లనే అనుకున్నది."

"నేను ఇష్టం లేక కాదవ్వ. ఆమె మంచికే..."

"ఆమె మంచి నీకెందుకురా? బయానా ఇచ్చింది గా పిల్ల. ఇడిసిపెట్టాల్నంటే గా పిల్ల ఇడవాలె. తీస్కున్నోనివి, నువ్వెవనివిరా ఇడవనీకి?"

నవంబరులో ఒక అమ్మాయి గొడుగు చాపి ఇదే మాట చెప్పింది. షేర్ల ఆఫీసు చూడని కొమురమ్మ కూడా ఇదే చెప్పింది. నాకు మాత్రం రెండోసారికి ఎక్కింది. పదో తరగతి నన్ను ఊరికే వెనక్కి పంపలేదు.

ఆ సాయంత్రం ఎన్నిసార్లు ఫోన్ చేశానంటే గార్ల టవర్ ఒక పక్కకు ఒరిగింది. ఆమె ఎత్తలేదు.

తెల్లారి బావ ఫోన్ చేశాడు.

"శ్యాం, మహదేవపూర్ దిక్కు నాలుగు దినాల సంది వానలు. ఒక్క బుకింగ్ లేదు. డ్రైవర్ రమేశ్ తోని లారీ పంపుతున్న, గార్ల కాడ్నే ఎక్కించుకొని జనగామ వచ్చెయ్."

జనగామ లారీ. ఎక్కితే చిట్టి గడువు అయిపోయినట్టే.

"బావ, మహదేవపూర్‌ల ఒక బయానా ఉన్నది."

"ఎన్నెకరాలు?"

"ఎకరాలు లేవు బావ."

"ఎకరాలు లేని బయానా ఏందిరా? దిమాగ్ ఖరాబైందా?"

"అయింది. లారీని ముందు మహదేవపూర్ తోలుకపోత. గా కిరాయి నా జీతంల పట్టుకో."

బావ గొంతు తగ్గించాడు.

"గా పిల్లేనా? చెల్లె అన్నవ్ గద, గా పిల్ల?"

"గా పిల్లనే."

"ఎల్లుండి సాయంత్రం మళ్ల లారీ అస్తది. గప్పుడు ఎక్కకపోతే మిషన్ ఒక్కటే జనగామ అస్తది, నువ్వు నడుసుకుంట రా."

* * *

పోశాలు చేను దగ్గర రమేశ్ మిషన్ దింపి వెళ్లిపోయాడు. సన్నగా ముసురు పడుతోంది. రెండెకరాల వరి మొత్తం ఒకే వైపు పడుకుని ఉంది, ఎవరో పెద్ద చేత్తో నిమిరి పడుకోబెట్టినట్టు. నీళ్లలో ఉన్న కంకులకు తెల్లగా మొలకలు వచ్చేశాయి. పోశాలు గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎవలు రమ్మన్నరు?"

"ఎవలు రమ్మనలే కాక."

"కొయ్యనీకి ఏం లేదు. చూస్తున్నవ్ గద."

"చూస్తున్న."

"మరి ఎందుకొచ్చినవ్?"

"బయానా తీస్కున్న కాక. గడువు ఇంకా ఉన్నది."

"నేనియ్యలే."

"నువ్వు కాదు."

పోశాలు తల తిప్పి నన్ను చూశాడు. అంతసేపు ఆయన ఎవర్నీ చూసి ఉండడు.

"వెయ్యి రూపాలు పంపినోనివి నువ్వేనా?"

"నేనే."

"గా దినం నా బిడ్డ అన్నం తినలే. ఏమైందంటే చెప్పలే. ఫోన్ కింద పెట్టి పోతే నేను చూసిన." లేచి నిలబడ్డాడు. "ఐతారం బొగ్గు బావోళ్లు వస్తుండ్రు. మాట ఖాయం చేసుకోనీకి."

పొమ్మనలేదు. ఉండమనలేదు. కొడవలి తీసుకుని చేనులోకి దిగాడు. వడ్లు పనికి రావు, కనీసం పశువులకు మేతైనా మిగలాలి. ఆ బురదలో చైన్ మిషన్ కూడా దిగబడుతుంది. నేను చెప్పులు విడిచి, చూరులో ఉన్న ఇంకో కొడవలి తీసుకుని పక్కన దిగాను.

కోత మిషన్ డ్రైవర్ని అయ్యాక వరిని చేత్తో ముట్టుకోవడం అదే మొదలు. మొదటి గంటలో వేలు కోసుకున్నాను. రెండో గంటలో నడుము ఎక్కడుందో తెలియలేదు. పోశాలు ఒక్కసారి వెనక్కి చూసి, "కింది నుంచి పట్టు," అన్నాడు. చేనులో దిగాక రెండు రోజుల్లో ఆయన అన్నది ఆ మూడు మాటలే. రాత్రి కొట్టంలో పడుకున్నాను. సెలవులు లేనప్పుడు రేణుక భూపాలపల్లిలో హాస్టల్లో ఉంటుంది. ఫోన్ ఎత్తడం లేదు. వచ్చానని మెసేజ్ పెట్టాను. చూసిందో లేదో తెలియదు.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి లారీ వచ్చింది. రమేశ్ ఇనుప పలకలు దించాడు.

"ఎక్కించు అన్నా, మళ్ల వాన గట్టిగ పడ్తది."

"జర ఆగు."

"ఎందుకు?"

రమ్మనేది ఆమె. ఉండేది నేను. అంతకు మించి నాకు హక్కు లేదు. అరగంట చూసి రమేశ్ హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. నాకు బుధవారం పొద్దున పది గంటలు గుర్తొచ్చాయి. మిషన్ స్టార్ట్ చేశాను. గొలుసులు పలకల మీదికి ఎక్కాయి.

సగం ఎక్కగానే పోశాలు చేనులోంచి రమేశ్ వైపు చెయ్యి ఎత్తాడు.

"ఓ డ్రైవర్! చాయ తాగి పో!"

"వద్దు పెద్దాయనా, టైం లేదు."

"మా ఊరికి వచ్చి చాయ తాగకుండ పోతరా?" అని వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు. తర్వాత, "చక్కెర లేనట్టున్నది. రా, దుకాణం దాకా పోయొద్దాం. నాకు కండ్లు కనపడ్తలేవు, బాట జారుతది," అన్నాడు.

రెండు రోజులుగా నాకంటే నిటారుగా కోసిన మనిషి, చూపు లేనివాడిలా రమేశ్ చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పోయాడు. నేను ఇంజన్ ఆపేశాను. మిషన్ సగం నేల మీద, సగం లారీ మీద. చూరు కింద డబ్బా నిండా చక్కెర ఉంది. పొద్దున నేనే చూశాను.

అయిదింటి బస్సు వచ్చింది. రేణుక దిగింది. చక్కెర ఎందుకు అయిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చి లారీ ముందు ఆగింది.

"ఎక్కిందా?"

"సగం."

"సగం ఎక్కితే ఎక్కినట్టా, ఎక్కనట్టా?"

"చిట్టి నీది. నువ్వే చెప్పు."

ఆమె నవ్వలేదు. "రెట్టింపు ఎందుకు పంపినవ్?"

చెప్పాను. అరవై వేలు, మంగళవారం, బుధవారం. చెప్తుంటే ముసురు నా ముఖం మీద పడుతోంది. అందుకు సంతోషించాను.

"నాకెందుకు చెప్పలే?"

"నవ్వుతవ్ అనుకున్న."

"మా ఆఫీసుకు దినాం గిట్లాంటోళ్లు వస్తరు శ్యాం. మొఖం కిందికేసుకొని కూసుంటరు. ఒక్కన్ని చూసి నవ్వలే నేను. నిన్ను చూసి నవ్వుతనా?" ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "నేను ఇడిసిపెట్టిన అన్ననా? ఎప్పుడన్న అన్ననా? పంట ఖరాబైతే చేను మాది కాదనుకుంటరా ఎవలన్న?"

ఫోన్ కవరు విప్పి, వెనక మడతపెట్టి ఉన్న చిట్టి తీసింది. మడతల దగ్గర నలిగిపోయింది. దాన్ని నాకు ఇవ్వలేదు. ముందు ఫోన్‌లో ఏదో నొక్కింది. నా జేబులో టింగుమంది. వెయ్యి రూపాయలు వాపస్.

"గిది నాకు చెల్లదు. ఇగ రమ్మంటున్న. రా."

పోశాలు, రమేశ్ తిరిగి వస్తున్నారు. పోశాలు చేతిలో చక్కెర పొట్లం. నేను ఆయన ముందు నిలబడ్డాను. జనగామ నుంచి మహదేవపూర్ దాకా వినిపించే నోరు నాది. ఆ రోజు ఎదురుగా ఉన్న మనిషికి కూడా సరిగా వినిపించలేదు.

"కాక... రేణుకను నాకు ఇయ్యి. నాకు మిషన్ లేదు. ఉన్న పైసలు గూడ పోగొట్టిన. ఆప్షన్‌లల్ల."

పోశాలు నేలకొరిగిన వరి వైపు చూశాడు.

"మబ్బు చూసి ఉరికిన మిషనోళ్లను చూసిన. చేను మునిగినంక వచ్చినోన్ని గిప్పుడే చూస్తున్న." చక్కెర పొట్లం రేణుక చేతికి ఇచ్చాడు. "బొగ్గు బావోళ్లకు నేను ఫోన్ చేస్త. గని లగ్గం ఇప్పుడు కాదు. చేతిల గింజ లేదు. వానకాలం వరి ఇంటికి రావాలె. గప్పటిదాకా ఆగుతవా?"

"ఆగుత కాక."

"ఆగుతవు గని, బయానా ఏమన్న ఇయ్యాల్నా?"

ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వు రెండు క్షణాలు కూడా లేదు. మళ్లీ చేను వైపు తిరిగాడు.

చాయ్ అయ్యాక రమేశ్ మళ్లీ హారన్ కొట్టాడు. రేణుక వచ్చి చిట్టి నా చేతిలో పెట్టింది. మిషన్ మీదికి ఎక్కి దాన్ని చువ్వకు గుచ్చాను. ఆ యాసంగిలో మహదేవపూర్‌లో మా మిషన్ ఒక్క కంకి కూడా కోయలేదు.

లారీ కదిలింది. వాన గట్టిగా పట్టుకుంది. వెనక్కి చూస్తే పోశాలు తడిసిన మేత మోపు దగ్గర కూర్చుని ఉన్నాడు. రేణుక గొడుగు తెరిచి ఆయన మీద పట్టింది, తను తడుస్తూ. రెండో చేతిని నా వైపు ఎత్తింది.